బకెట్టు గుర్తు మావయ్య

మా మావయ్య పోయారని అత్తయ్య ఫోన్ చేసేటప్పటికి నేను గుడివాడ బస్టాండులో ఉన్నాను. బంటుమిల్లి బస్సెక్కాక ఫోన్లో లోకల్ చానెల్ వార్త కూడా వచ్చింది: మాజీ ఎమ్మెల్యే కన్నుమూత, పలువురి సంతాపం. ఆ పలువురు ఎవరా అని చివరిదాకా చదివాను. ఎవరూ లేరు. పార్టీ ఉన్న నాయకుడు పోతే సంతాపానికి ఒక ఆఫీసుంటుంది, మీద కప్పడానికి ఒక జెండా ఉంటుంది. ఇండిపెండెంటుగా ఒక్కసారి గెలిచి, తర్వాత క్రమం తప్పకుండా ఓడిపోయిన మనిషికి అత్తయ్య బీరువాలోంచి తీసిన కొత్త దుప్పటి కప్పారు.

ఆ మహనీయుని రాజకీయ చరిత్రకి ఒక్క బకెట్టు చాలు. మా ఊరు కాలువకి చిట్టచివర. బోరు వేస్తే ఉప్పునీళ్ళు. ట్యాంకరు వస్తే తాగుతాం, రాకపోతే ఎదురుచూస్తాం. ఊరికి మంచినీళ్ళు తెస్తానని మావయ్య నామినేషన్ వేస్తే, గుర్తుగా బకెట్టు ఇచ్చారు. నీలం ప్లాస్టిక్ బకెట్టు ఒకటి పట్టుకుని ఊరూరా తిరిగారు. ఖాళీ బకెట్టు చూపించాక ఇక ఉపన్యాసం అక్కర్లేకపోయింది. గెలిచారు.

అసెంబ్లీలో ఆయనది చివరి వరస. "మనకి పైనుంచి ఎవరూ ఫోన్ చెయ్యరురా, అదే సుఖం" అనేవారు మొదట్లో. కొన్నాళ్ళకి "మనం చేస్తే ఎత్తరు కూడా" అని కలిపారు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఊళ్ళో ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టించారు. దానికి నీళ్ళు తెచ్చే పైపు మాత్రం రాలేదు. మా పార్టీలోకి రండి, పైపు వేయిద్దాం అన్నారు అధికారంలో ఉన్నవాళ్ళు. ఏ పార్టీలోనూ చేరనని ఆయన చర్చిలో అందరి ముందూ మాటిచ్చి ఉన్నారు.

"చేరిపోవచ్చుగా మావయ్యా" అన్నాను, డిగ్రీ చదివిన జ్ఞానంతో.

"చేరితే పైపు వస్తుందిరా. అందులో నీళ్ళొస్తాయని ఎవడు చెప్పాడు?"

రెండో ఎన్నికకి ఎవరూ పేరు వినని ఒక చిన్న పార్టీ అభ్యర్థి కూడా బకెట్టే అడిగాడు. పార్టీ ఉన్నవాడికే ముందు, అది రూలు. మావయ్యకి ఇస్త్రీ పెట్టె వచ్చింది. "ఉతుక్కోడానికే నీళ్ళు లేవు, ఇస్త్రీ ఏం చేస్తారు మావయ్యా?" అంటే నాకంటే గట్టిగా నవ్వారు.

పోలింగు రోజు పొద్దున్నే పక్కింటి మామ్మగారు బూతులోంచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "నీకే నొక్కానయ్యా. బకెట్టు మీదే."

మావయ్య "మంచిదమ్మా" అని ఆవిణ్ణి జాగ్రత్తగా మెట్లు దింపారు.

"చెప్పరేంటి మావయ్యా? లైన్లో ఉన్నవాళ్ళందరూ అదే నొక్కుతారు."

"బూతు దగ్గర ప్రచారం చెయ్యకూడదురా. పైగా ఓటేసొచ్చిన మనిషికి తప్పేశావని చెప్తే, ఇంటికెళ్ళి అన్నం తింటుందా?"

సాయంత్రందాకా ఊరు ఊరంతా ప్రేమగా వచ్చి బకెట్టు నొక్కి వెళ్ళింది. బకెట్టు మనిషీ గెలవలేదు, ఇస్త్రీ పెట్టె కూడా గెలవలేదు. ఆ తర్వాతి ఎన్నికల్లో ఆయనకి గ్యాస్ స్టవ్వు వచ్చింది, కుట్టు మిషను వచ్చింది. పైపు రాలేదు.

పోయిన నెల బందరు ఆసుపత్రిలో ఆయన పక్కన కూర్చుని, ఈసారి మంచం గుర్తు అడుగుదామా అన్నాను. నవ్వలేదు. మంచినీళ్ళ సీసా మూత తిప్పి, మళ్ళీ బిగించారు. "ఆ పార్టీలో చేరాల్సిందేమోరా" అన్నారు.

ఏదో ఒక జోకు వెయ్యాల్సింది. నాకేమీ తోచలేదు. ఇప్పటికీ తోచలేదు.

మావయ్యని మట్టి చేసే రోజు ట్యాంకరు వస్తుందన్నారు. చర్చికి వెళ్ళే సందులో, ఖాళీ ట్యాంకు నీడన, బకెట్లు వరసగా పెట్టి ఉన్నాయి. వాటిని తియ్యమని ఎవరం అడగలేదు. మావయ్య ఉన్న పెట్టెని కాస్త పక్కకి వంచి, గోడవారగా నడిచాం. వరసలో చివరన అత్తయ్య పెట్టించిన బకెట్టు. నీలంది, ప్రచారం నాటిది, అంచు కొంచెం పగిలింది.

సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చేసరికి ఆ బకెట్టుని ఎవరో తీసి, అన్నిటికంటే ముందు పెట్టారు. ట్యాంకరు ఇంకా రాలేదు.