అన్న ఇచ్చిన రక్తం

మొన్న నాంపల్లిలో మావారి గుండె ఆపరేషన్‌కు ముందు, రక్తం కోసం ఎవరెవరిని అడగాలా అని నేను మథనపడుతుంటే, ఆపరేషన్‌లో గుండెకు బదులు పనిచేసే మిషన్‌ను నడిపే అమ్మాయి వచ్చి, ఇప్పుడు దాని గొట్టాలు పొట్టివయ్యాయనీ, సెలైన్‌కు బదులు చాలావరకు ఆయన సొంత రక్తంతోనే వాటిని నింపుతామనీ, అందుకని రక్తం అంతగా పలచబడదనీ, బయటి రక్తం బహుశా అక్కర్లేదనీ నెమ్మదిగా చెప్పింది. సంతోషించాల్సింది పోయి సిగ్గుతో తల దించుకున్నాను.

మా అమ్మకు గుండె కవాటం మార్చిన రోజుల్లో ఆ గొట్టాల నిండా సెలైనే. రక్తం పలచనైపోతుంది కనుక ఇచ్చేవాళ్లను వెంటబెట్టుకు రమ్మనేవారు, మన కాలం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. కోస్తా నుంచి వచ్చి ఆబిడ్స్ వెనక సందులో కిరాయికుండే మాకు, ఊళ్లో ఉన్న రక్తసంబంధమల్లా బషీర్‌బాగ్‌లోని మేనమామ, అమ్మకు స్వయానా అన్న. గన్‌ఫౌండ్రీ ఆఫీసులో నాతో పనిచేసేవాళ్లు అడగ్గానే వచ్చి ఇచ్చారు, నాలోనే రక్తం తక్కువని నన్ను తిప్పి పంపారు, ఇంకొక్కరు కావాలి. మామయ్య రక్తం తీసే గది దాకా వచ్చి, "టీ తాగి వస్తానే, ఖాళీ కడుపుతో కళ్లు తిరుగుతాయి" అని వెళ్లి, మరి రాలేదు. ఇదిగో వచ్చేస్తారని నర్సుకు చెబుతూ అక్కడ నిలబడ్డ నా అవస్థ పగవాళ్లకు కూడా వద్దు.

నాకు అన్నం తెచ్చిన ఇంటి ఓనరమ్మ సంగతి విని, క్యారియర్ నా చేతికిచ్చి తానే లోపలికి నడిచింది. బయటికొచ్చాక, "మీ మామనే ఇచ్చిండని చెప్పు బిడ్డా. అన్న ఇయ్యలేదని తెలిస్తే గామె పాణం తట్టుకోదు" అంది. అలాగే చెప్పాను.

అమ్మ కోలుకుంది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ, వాకిట్లో బియ్యం ఏరుకుంటూ, ఆ ఓనరమ్మతోనే "నా ఒంట్లో తిరిగేది మా అన్నయ్య రక్తమేనండీ" అని మురిసిపోయేది. ఆవిడ "ఔ, అన్నంటే గట్లుండాలె" అనేది. పక్కనే కుర్చీలో కాఫీ తాగుతున్న మామయ్య కాదనేవాడు కాదు. ఓనరమ్మ ముఖం చూడలేక నేను లోపలికి వెళ్లిపోయేదాన్ని.

అమ్మ పోయింది, మామయ్యా పోయాడు. నిజం నలుగురిలో చెప్పి ఓనరమ్మకు దండం పెడదామని నేను ధైర్యం కూడగట్టుకునేసరికి ఆవిడా లేదు.

ఇవాళ రక్తం కోసం అంతమందిని బతిమాలుకోనక్కర్లేదు, మంచిదే. మా పిల్లలకు ఆ నామోషీ తప్పింది. అయినా, మనకు ఎవరేమవుతారో తెలిసే ఒక సందర్భం కూడా దాంతోపాటే పోయిందని ఒక్కోసారి దిగులేస్తుంది. తెలిసీ నోరు విప్పనిదాన్ని, ఆ దిగులు పడటానికి నేనెవర్ని అని వెంటనే సిగ్గూ వేస్తుంది.