డచెస్ కాలికి కట్టు

బేసిల్ పొయిరియేకి తెలివి ఎక్కువ. ఆ తెలివి వల్ల అతని జేబులో ఒక్క డాలరైనా మిగిలిన సందర్భం మాత్రం టిగ్నిష్ ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. బంగాళాదుంపల లారీ తోలి సంపాదించిందంతా, వెనక రెండు చక్రాల బండి కట్టుకుని పరుగెత్తే పందెపు గుర్రాలకి ధారపోశాడు. తన కొట్టంలోనే ఎనిమిది గుర్రపు పిల్లల్ని పుట్టించాడు. పిల్ల నిలబడి పాలు తాగగానే జత కట్టిన మగగుర్రం యజమానికి డబ్బు, తర్వాత డాక్టరుకి, ఆ తర్వాత లాడాలు కొట్టేవాడికి, రెండేళ్లు మేపాక పరుగు నేర్పేవాడికి. ఇంతా చేస్తే ఒకటి దగ్గేది, ఒకటి పందెం మధ్యలో అడుగు తప్పి ఎగిరేది, ఇంకొకటి బండి కనిపిస్తే చాలు పడుకునేది. ఆ పడుకునేదాన్ని కొన్నవాడు ఇప్పటికీ రోడ్డు దాటి వచ్చి మరీ బేసిల్‌ని తిట్టిపోతాడు.

ఎనిమిదోది డచెస్. అదొక్కటే నిజంగా పరుగెత్తింది. కానీ నిరుడంతా పెద్ద గుర్రాల మధ్య పడి నాలుగో స్థానం, ఐదో స్థానం తప్ప మరోటి చూడలేదు.

"ఏమయ్యా, ఈ వేసవిలోనైనా దాని గడ్డి అది సంపాదించుకుంటుందా? లేక నేను చేపల ఫ్యాక్టరీలో ఇంకో షిఫ్టు చెయ్యాలా?" అంది భార్య ఇవెట్. "చేతకాకపోతే అమ్మెయ్. ఈసారి ఉత్తినే అనడం లేదు."

అమ్మడమా! దాన్ని కడుపులోంచి తన చేతులతో లాగినవాడు బేసిల్. ఆ మాటకే అన్నం సయించలేదు. అప్పుడే అతని తెలివి నిద్రలేచింది.

సమ్మర్‌సైడ్ ట్రాక్‌లో ధర కట్టిన పందేలుంటాయి. వాటిలో దించిన గుర్రాన్ని, ఆ ధర పందెం మొదలవకముందే ఆఫీసులో కట్టినవాడు ఎవడైనా తీసుకుపోవచ్చు. గెలుచుకున్న బహుమతి మాత్రం పాత యజమానిదే. అందులో చౌకరకం పందెంలోకి డచెస్‌ని దించితే గెలుపు ఖాయం. ఎవడూ ఎత్తుకుపోకుండా ఉండాలంటే అది కుంటిదని ఊరంతా నమ్మాలి.

దాని ముందు కాలికి, ఏ జబ్బూ లేని కాలికి, మోకాలి దాకా కట్టు కట్టాడు. వారమంతా ట్రాక్ క్యాంటీన్లో కూర్చుని ఏడ్చాడు. "నరం పోయిందిరా. డాక్టరు పెదవి విరిచాడు. ఇంకో పందెం పరుగెత్తితే గొప్పే."

"అయ్యో పాపం," అన్నాడు చిన్ననాటి స్నేహితుడు అర్బన్ డెరోష్, చేప ముక్క నములుతూ.

పందెంలో డచెస్ మొదటి మలుపులోనే అందరినీ దాటేసింది. మిగతావి దాని దుమ్ము తిన్నాయి. బేసిల్ ఫొటోకి టోపీ సర్దుకుని, దాని మెడ మీద చెయ్యేసి పళ్లన్నీ బయటపెట్టాడు. అంతలో మైకులో వినిపించింది: డచెస్ ఇక అర్బన్ డెరోష్ గారిది.

బేసిల్ గుంపుని తోసుకుంటూ అర్బన్ దగ్గరికి పరుగెత్తాడు.

"ఒరేయ్ అర్బన్, కాలు బాగోలేదని చెప్పానుగా!"

"చెప్పావు. మీ అమ్మ పోయిన రోజున నువ్వు రెండు మాటలు కూడా మాట్లాడలేదురా బేసిల్. గుర్రం కాలు గురించి వారం రోజులు వాగావు. నాకీ మాత్రం తెలీదా?"

కళ్లెం, మెడతాడు పాత యజమానివి. వాటిని విప్పుకుని గుర్రాన్ని ఇచ్చెయ్యాలి. బేసిల్ ఆ బకిల్‌తో చాలాసేపు పెనుగులాడి విప్పాడు. అర్బన్ తన కొత్త తాడు వేసి ట్రైలర్ దగ్గరికి లాక్కెళ్లాడు. డచెస్ ఎక్కలేదు. చెవులు వెనక్కి పెట్టి, నాలుగు కాళ్లూ నేలకి తన్నిపట్టి నిలుచుంది. అర్బన్ మనుషులు ముగ్గురు వెనకనుంచి తోశారు. ఒకడు మోకాలి మీద తాపు తిని బూతులు తిట్టాడు. చూసేవాళ్లకి మంచి వినోదం దొరికింది.

"బాగా అయింది మీకు," అన్నాడు బేసిల్ చేతులు కట్టుకుని. అప్పుడొకడు కొరడా తీశాడు.

"ముట్టుకున్నావంటే నీ చెయ్యి విరుస్తాను!" అని అరిచి బేసిల్ వాడిని పక్కకి నెట్టాడు. తాడు అందుకుని, దాని ముఖం వైపు చూడకుండా, తనే ముందు ట్రైలర్లోకి నడిచాడు. డచెస్ కిక్కురుమనకుండా వెనకాలే ఎక్కేసింది. ఇంటికి పోతున్నామనుకుంది పిచ్చిది. అతను పక్క తలుపులోంచి దిగగానే లోపలినుంచి సకిలించడం మొదలుపెట్టింది. బండి గేటు దాటేదాకా ఆపలేదు.

ఇవెట్ లారీ దగ్గర నిలబడి అంతా చూసింది. బేసిల్ పిల్లాడిలా వెక్కుతూ వచ్చి, బహుమతి డబ్బు ఆమె చేతిలో పెట్టాడు.

"ఇదిగో. దాని గడ్డి అది సంపాదించుకుంది."

ఇవెట్ ఆ డబ్బు లెక్కపెట్టలేదు. "తాళాలివ్వు, నేను తోలుతాను," అంది. ఇంటికెళ్లాక ఆమె వంటింట్లోకి పోలేదు. కొట్టంలోకి పోయి, తినేవాళ్లెవరూ లేకపోయినా, తొట్టి నిండా గడ్డి పోసింది.