ఊరికే నాగాయలంక

ముప్పై ఏళ్ళు పంద్రాగస్టు నాడు బడిపిల్లల్ని ఎండలో నిలబెట్టి స్వేచ్ఛ గురించి ఉపన్యాసం దంచిన టీచర్ని నేను. కళ్ళు తిరిగి పడిపోయే పిల్లలు పడిపోయేవాళ్ళు, నేను మాత్రం ఆపేదాన్ని కాదు. రిటైరైన మొదటి సోమవారం, ఆ స్వేచ్ఛ ఏదో నేనూ చూద్దామని బందరు బస్టాండులో కదలబోతున్న బస్సెక్కాను. మా ఆయనతో రక్తపరీక్షకని చెప్పాను.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టరు.

"ఎక్కడికైనా."

"ఆడవాళ్ళకు ఫ్రీయేనండీ. కానీ ఊరి పేరు చెప్పాలి, ఆధార్ చూపించాలి."

ఆ స్వేచ్ఛకీ గుర్తింపు కార్డు కావాలన్నమాట. చివరి స్టాపు నాగాయలంక అని చెప్పాను.

పక్క సీట్లో బురఖా వేసుకున్న పెద్దావిడ కిసుక్కున నవ్వింది. బందర్లో టైలరట. "నలభై ఏళ్ళు రవికలు కుట్టానండీ. ఊళ్ళో సగం మంది కొలతలు నోటికొచ్చు. నాగాయలంక దగ్గర కృష్ణ ఎంత వెడల్పో మాత్రం తెలీదు. చూసొస్తానంటే మావాడు వద్దన్నాడు. వచ్చేశాను."

"చెప్పకుండానా?"

"చెప్పే వచ్చా. దొంగతనంగా రావడానికి నేనేమన్నా జైల్లో ఉన్నానా?"

నా మొహం మాడిపోయింది. మోపిదేవి దాటాక మా ఆయనకు ఫోన్ చేశాను.

"రక్తపరీక్ష అబద్ధం. నాగాయలంక వెళ్తున్నాను."

"అయ్యో, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. ఊరికే వెళ్తున్నా."

"మరి అన్నం?"

"బియ్యం డబ్బాలో ఉన్నాయి."

"నీళ్ళెన్ని పొయ్యాలి?"

జీవితంలో మొదటిసారి, "ఏమో" అని ఫోన్ పెట్టేశాను. టైలరమ్మ నా తొడ మీద ఒక్కటి చరిచింది.

రేవులో ఇద్దరం మిరపకాయ బజ్జీలు తింటూ కూర్చున్నాం. నది నిజంగానే చాలా వెడల్పు. అరగంటకి నాకు విసుగొచ్చింది. ఆవిడకు రాలేదు. ఆవిడ చూడటం అయ్యేదాకా కూర్చుని, ఆవిడతోనే తిరుగు బస్సెక్కాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అన్నం జావైపోయి ఉంది, ఆయన మూతి ముడుచుకుని ఉన్నారు. అలాంటప్పుడు బుజ్జగించడం నాకు పెళ్ళైనప్పటి నుంచీ అలవాటు. ఆ రోజు బుజ్జగించలేదు. ఆ జావే గిన్నెలో పోసుకుని, ఆవకాయ నంజుకుంటూ ఆయన ఎదురుగానే కూర్చుని తిన్నాను.

"ఎలా ఉంది?" అన్నారు, ఉండబట్టలేక.

"బానే ఉందండీ. రేపు కాస్త నీళ్ళు తగ్గించండి."