మూడు శుక్రవారాల శిక్ష

నా చిన్నప్పుడు దోహాలో మాకు ఆటంటే శుక్రవారమే. పొద్దున ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక, తర్వాత భోజనం, ఎండ తగ్గాక అల్ మన్సూరాలో మా బిల్డింగ్ వెనక సిమెంటు గచ్చు మీద హాకీ. పై అంతస్తు కెనడా ఇంజనీరు గారిచ్చిన మంచు హాకీ క్యాసెట్ చూసి చూసి, చక్రాల బూట్లు కట్టుకుని మేమూ అలాగే ఆడేవాళ్ళం. అక్కడ తప్పు చేసిన ఆటగాణ్ణి కొన్ని మ్యాచ్‌లు పక్కన కూర్చోబెడతారని తెలిసి ఆ పద్ధతీ ఎత్తుకొచ్చాం. ఆట కన్నా శిక్షలు వేయడమే మాకు ఎక్కువ సరదా అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కింది వాటాలోకి కొత్తగా వచ్చిన అబ్బాయి ఒకసారి ఈల వేశాక కర్ర ఎత్తి ఒకడి పెదవి చిట్లగొట్టాడు. మూడు శుక్రవారాలు ఆడకూడదన్నాం. అందరికన్నా గట్టిగా అరిచింది నేనే. పై వారమే నేనూ అదే పని చేశాను. ఒక చిన్నపిల్ల పెదవి చిట్లి రక్తం కారింది. కానీ నేను గోల్ కీపర్ని, జట్టు నాయకుడు మా అన్నయ్య, వచ్చే శుక్రవారం మెసైమీర్ పేట పిల్లలతో మ్యాచ్. సారీ చెప్పించి వదిలేశారు. తనదాకా వస్తే గానీ తెలియదంటారు. నాకు వచ్చినా తెలియలేదు.

ఆ అబ్బాయి వాళ్ళ నాన్నగారు సముద్రం మధ్య చమురు బావుల దగ్గర పనిచేసేవారు. నెలకోసారి ఇంటికొచ్చేవారు. కొడుకు ఆట ఒక్కసారీ చూడలేదు. ఆయన రాక సరిగ్గా మ్యాచ్ రోజే పడింది.

మాకు ఈల వేసేది కడప జిల్లా బాబాయి, ఎదురింటి ఖతరీ వాళ్ళ హౌస్ డ్రైవర్. మ్యాచ్‌కి ముందు కారు తుడుస్తూ నన్ను పిలిచాడు.

"ఒగ మాట చెప్పు పాపా. ఈల ఏసినాక కట్టె ఎత్తి మూతి పగలగొడితే ఎన్ని శుక్రవారాలు కూర్చోబెట్టాల?"

"మూడు, బాబాయ్."

"ఎవురైనా సరేనా?"

"ఎవరైనా సరే!"

"మరి పోయిన వారం ఆ చిన్నపాప మూతి పగిలింది ఎవురి కట్టెకు?"

నాకు ఏడుపొచ్చేసింది. నాకూ మూడు వేసెయ్యమన్నాను. బాబాయి నవ్వాడు.

"మూడు ఎక్కువే పాపా. ఆ మంచు ఆటలోనూ ఇదే తగువంట, పేరున్నోనికి ఒగ మాదిరి, లేనోనికి ఒగ మాదిరి. మనమన్నా సరిగా ఉందాం. ఇద్దరికీ ఒగటే శుక్రవారం. వానిది అయిపాయ. నీది ఈ పొద్దు."

అన్నయ్య గొంతు చించుకున్నాడు గానీ బాబాయి వినలేదు. నా చోట ఆ అబ్బాయి నిలబడ్డాడు. వాళ్ళ నాన్నగారు సంచి భుజాన ఉండగానే మెట్ల మీద కూర్చుని చూశారు. వాడు ఒక బంతి ఆపినప్పుడు ఆయన వేసిన కేకకు పై అంతస్తుల కిటికీలు తెరుచుకున్నాయి. మేం ఓడిపోయాం. అయినా నా తప్పుకు నాకూ శిక్ష పడ్డాక హాయిగా అనిపించింది. పెదవి వాచిన ఆ చిన్నపిల్ల వచ్చి నా పక్కనే కూర్చుంది.

ఇప్పుడు నేనొక బడికి హెడ్‌మిస్ట్రెస్‌ని. ఫిర్యాదు తెస్తే ముందు జరిగింది చెప్పమంటాను, పేరు తర్వాత. టీచర్లు నవ్వుకుంటారు. ఒకసారి రెండు రోజులు బడికి రావద్దని శిక్ష చెప్పేశాక వినిపించిన పేరు మా అమ్మాయిది. గుండె గుభేలుమంది. మరుక్షణం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. చెప్పిన మాట మార్చే దారి నాకు లేదు.