మేడమీది అక్క గడువు

మైలాపూరులో మా మేడమీద అద్దెకుండిన అక్క రోజూ క్యాలెండరు కాగితం చించి, దాని వెనక ఒక పోలిష్ మాట రాసుకునేది. సాయంత్రం నాచేత చదివించి, "నీ నోట్లో పోలిష్ కూడా అరవం మాదిరే ఉండాది పాపా" అని నవ్వేది. ఎవరితోనూ మాట్లాడని నేను ఆమె కోసమే పైకి వెళ్లేదాన్ని.

ఆమె చాలా ఏళ్లు పోలండ్‌లో ఉద్యోగం చేసింది. ఆ దేశ పౌరసత్వం రావాలంటే భాషా పరీక్ష నెగ్గాలి, కొన్నేళ్లు ఎడతెగకుండా అక్కడే ఉండాలి. ఒకేసారి ఆరు నెలలు మించి బయట ఉంటే ఆ ఏళ్ల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. స్కూటరు ప్రమాదంలో కాలు విరిగిన చెల్లెలిని చూసుకోవడానికి ఆమె వచ్చి అప్పటికి ఆరు నెలలు కావస్తోంది.

"రేపు ఫ్లైటు కదక్కా?" అన్నాను.

"క్యాన్సిల్ చేసేసినా. అది ఇంకా గోడ పట్టుకోనే నడస్తా ఉండాది. దాన్ని ఈడ వదిలేసి ఆడ నేనేం చేసేది?"

"మరి సిటిజన్‌షిప్పు?"

"మళ్లా మొదట్నించే. ఏం, నన్ను తరిమేయాలని చూస్తా ఉండావా?" అంటూ నా జడ లాగింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఆమె తిరిగి వెళ్లిపోయి ఏడాదైంది. అన్నేళ్ల లెక్కా ఆమె చేయి జారిపోయిన ఆ రోజు, ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంటుందని నేనెంత సంతోషపడ్డానో ఆమెకు చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.