ఎడమ గొట్టంలో దారం ఉండ

దసరా మర్నాడు ఇల్లు ఊడుస్తుంటే పూజ చేసిన మూలలో ఒకటే దారం ఉండ దొరికింది. రెండు ఉండాలి. నాకు ఒళ్లు మండిపోయింది.

మా ఆయన పల్సానాలో మగ్గాల మేస్త్రీ. దసరాకు కార్ఖానాలో మగ్గాలకు బొట్టు పెట్టి, ఏదో ఒక రంధ్రంలో వేస్టు దారం కుక్కి, అందులో అగరుబత్తి గుచ్చుతారు. ఆ తెలివి ఇంటికీ తెచ్చాడు. మాతోనే ఉండే మా నాయిన బ్యాంకులో గార్డు. ఆయన జంట గొట్టాల తుపాకీ గోడకు ఆనించి ఉంటే, ఈ మహానుభావుడికి అది అగరుబత్తుల స్టాండులా కనిపించింది. రెండు గొట్టాల్లోనూ దారం ఉండలు కుక్కి బత్తులు గుచ్చాడు. నేను కసిరితే అన్నీ పీకేశానని చెప్పి, దారం ముక్కతో ఏమవుతుందని నవ్వాడు.

ఏమవుతుందో నాకు తెలుసు. మిలిటరీలో చేసిన నాయిన నాకు చిన్నప్పుడే విప్పి చూపించాడు. పైనున్న మీటను బొటనవేలితో పక్కకు తోస్తే గొట్టాలు కీలు దగ్గర కిందికి వంగుతాయి. వెనక నుంచి గొట్టానికో తూటా పెట్టి మూసేయాలి. ట్రిగ్గర్లు రెండు. ముందుది కుడి గొట్టానికి, వెనకది ఎడమదానికి. నొక్కితే లోపలి సుత్తి సూదిని కొడుతుంది, సూది తూటా అడుగును పొడుస్తుంది, మందు అంటుకుని గుళ్లు దూసుకుపోతాయి. దారిలో అడ్డముంటే గొట్టమే పగిలి చేతివేళ్లు పోతాయి. అందుకే తూటాలు పెట్టేముందు గొట్టాల్లోంచి వెలుగు చూడాలని వందసార్లు చెప్పేవాడు.

నాయిన అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు. ఫోన్ ఎత్తలేదు. ఆటో ఎక్కి, బ్యాంకున్న సలాబత్‌పురా దాకా మా ఆయన్ని తిట్టుకుంటూనే పోయాను.

బ్యాంకు గేటు దగ్గర నాయిన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సంగతి చెప్పాను. మీట తోసి గొట్టాలు వంచి, తూటాలు రెండూ తీసి నా చేతిలో పెట్టాడు. నేను వంగి చూశాను. కుడి గొట్టంలో రూపాయి బిళ్లంత వెలుగు. ఎడమది చీకటి.

ఇప్పుడు నా కోపం నాయిన మీదికి మళ్లింది. నాకు అన్ని పాఠాలు చెప్పిన మనిషి తను చూసుకోవద్దా?

"పొద్దున చూడలేదా నాయినా?"

"చూసిన బిడ్డా. రెండూ మసకగనే కనవడ్డయి. శాన రోజులాయె, గట్లనే ఉంటున్నయి."

కళ్లకు పొర కమ్మిందని ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు. చెబితే గార్డు పని పోతుందని భయం. రోజూ గొట్టాలు వెలుగుకు ఎత్తి, చూసినట్టు తలాడించి, తూటాలు పెట్టుకుని ఇంతమంది జనం మధ్య కూర్చుంటున్నాడు. మా ఆయన్ని అన్న మాటలన్నీ ఈయన్ని అనాలనిపించింది.

సన్న కర్రతో దారం ఉండ బయటికి తోసి, తూటాలు ఇమ్మన్నాడు. నేను ఇవ్వలేదు.

"ముందు కండ్ల దవఖానకు నడువు. గప్పటిదాక ఇయ్య."

"డ్యూటీల ఉన్న బిడ్డా. జర ఇయ్యి."

నా కుడిచేతి వేళ్ల సందుల్లోంచి ఎర్ర తూటాలు బయటికి కనిపిస్తూనే ఉన్నాయి. నాయిన ఖాళీగా ఉన్న నా ఎడమచేతి ముందు అరచెయ్యి చాపి నిలబడ్డాడు.