ఐదు పెద్ద మూతలు

నంద్యాలలో యాప్‌లు రాసే స్విఫ్ట్ భాష నేర్చుకుంటున్న రోజులవి. ఆళ్లగడ్డలో మిరప వేసిన నాయన కోసం పురుగుమందు కొలతల యాప్ చేశాను. ఆయన మందును సీసా మూతతోనే కొలుస్తాడు. ఈనమ్ అనే జాబితాలో ఐదు ఎమ్మెల్ చిన్న మూత ఉంది. ఇరవై ఐదు ఎమ్మెల్ పెద్ద మూతను కూడా చేర్చాను. దీని లెక్కేదని, కోడ్‌ను సరిచూసే కంపైలర్ ఎర్ర అక్షరాల్లో అడిగింది. విసుగొచ్చి 'డిఫాల్ట్', అంటే మిగతా దేనికైనా ఇదే అని రాసి, చిన్న మూత లెక్కే తగిలించాను.

మర్నాడు నాయన ఫోన్ చేశాడు. "ట్యాంకుకు ఇరవై ఐదు ఎమ్మెల్ అని కొడితే, పెద్ద మూతతో ఐదంటాంది మా. పోస్తాండా."

"ఒక్కటే నాయనా!" అని అరిచేలోపే ఫోన్ కట్టయింది. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. పైరంతా మాడిపోతుందనుకున్నాను.

చివరికి ఆయనే చేశాడు. "రెండో మూతకే ఘాటు తలకెక్కింది, ఆపేసినా. అంత మందు పొయ్యమనే ముందు ఆ యాప్ నిన్నొక మాట అడగల్యాదా?"

అడిగింది. నేనే నోరు మూయించాను.